గ్రంథపాలకురాలు పరిశోధించే కోజీ మిస్టరీ నవల రాయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

గ్రంథపాలకురాలిని పరిశోధకురాలిగా పెట్టి కోజీ మిస్టరీ మొదలుపెట్టామనీ, నాలుగైదు అధ్యాయాలు హాయిగా సాగాక కథ కదలడం లేదనీ చాలామంది అడుగుతున్నారు. వారు పంపిన అధ్యాయాలు చదివితే కారణం దాదాపు ఒకటే కనిపించింది. కథానాయిక గ్రంథాలయంలో పనిచేస్తుంది గాని, ఆమె చేసే పనికీ నేరం బయటపడే తీరుకూ సంబంధం లేదు. ఆమెను పూల దుకాణంలో కూర్చోబెట్టినా ఆ కథ మారదు.

ఈ మార్గదర్శి ఆ లోపాన్ని సరిచేయడం చుట్టూనే తిరుగుతుంది. కోజీ అంటే హత్య తెర వెనుక జరిగి, రక్తపాతమూ అసభ్యతా లేకుండా, ఒకరికొకరు తెలిసిన చిన్న సమూహంలో ఒక మామూలు మనిషి తన బుద్ధితో చిక్కుముడి విప్పే కథ అని అనుకుని ముందుకు వెళదాం.

## 1. కలం పట్టే ముందు: గ్రంథాలయాన్ని లోపలి నుంచి చూడండి

పాఠకుడిగా మీరు చూసిన గ్రంథాలయం వేరు, కౌంటరు వెనుక ఉన్నవారికి కనిపించే గ్రంథాలయం వేరు. అనుమతి తీసుకుని ఒక రోజంతా, తెరిచే వేళ నుంచి తాళం వేసే వేళ వరకు, ఒక గ్రంథాలయంలో కూర్చోండి. అందంగా కనిపించిన వాటిని వదిలేసి, పని ఎలా జరుగుతుందో రాసుకోండి.

రాసుకోవలసినవి ఇవి:

- తాళాలు ఎన్ని, ఎవరి దగ్గర ఉంటాయి, సెలవు రోజున లోపలికి ఎవరు రాగలరు
- కొత్త పుస్తకం వచ్చినప్పుడు యాక్సెషన్ రిజిస్టరులో (వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుసగా నమోదు చేసే పుస్తకంలో) ఏమేమి ఎక్కిస్తారు
- ముద్ర ఏ పుటల మీద వేస్తారు (చాలా గ్రంథాలయాలు టైటిల్ పేజీతో పాటు లోపల ఎవరికీ చెప్పని ఒక నిర్ణీత పుట మీద కూడా ముద్ర వేస్తాయి)
- తిరిగి వచ్చిన పుస్తకం అరలోకి చేరేలోపు ఎన్ని చేతులు మారుతుంది
- స్టాక్ వెరిఫికేషన్ (రిజిస్టరుతో పోల్చి పుస్తకాలన్నీ ఉన్నాయో లేదో సరిచూడడం) ఎప్పుడు, ఎవరు చేస్తారు
- పాఠకులను అనుమతించని నిల్వ గది ఉందా

వర్గీకరణ, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకు సంఖ్యలిచ్చి అరల్లో పేర్చే పద్ధతి, కూడా కొంత తెలిసి ఉండాలి. 1876లో తొలిసారి ప్రచురితమైన డ్యూయీ దశాంశ పద్ధతిలో విషాల శాస్త్రం 615.9 దగ్గరా, హత్య 364.1523 దగ్గరా, తెలుగు సాహిత్యం 894.827 దగ్గరా ఉంటాయి. మీ గ్రంథాలయం భారతీయ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ రూపొందించగా 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణను పాటించేదైతే అట్ట వీపు మీది సంఖ్యల తీరే మారిపోతుంది. రెండింటినీ కలిపేస్తే గ్రంథాలయంలో పనిచేసిన పాఠకులు ఆ పుట దగ్గరే పుస్తకం మూసేస్తారు.

తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానమని గ్రంథపాలకులు అంటారు. ఒక వస్తువును దాచడానికి అపరాధికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

## 2. నేరాన్ని ముందుగా పూర్తిచేయండి

అసలు జరిగినదేమిటో ఒకే పుటలో, అపరాధి వైపు నుంచి, కాలక్రమంలో రాయండి. రాస్తూ రాస్తూ అపరాధిని కనుక్కుంటామనేవారు ఉన్నారు. అది కొందరికి సాధ్యమే కావచ్చు గాని, మొదటి నవలకు ఆ దారి పట్టవద్దనే చెబుతాను, ఎందుకంటే ముందు పుటల్లో మీరు నాటని ఆధారం చివరి పుటల్లో మొలవదు.

ఈ మార్గదర్శి అంతటా ఒకే ఉదాహరణ వాడతాను.

ఒక దాత ఇచ్చిన అరుదైన పాత పుస్తకాలు గ్రంథాలయపు నిల్వ గదిలో ఉన్నాయి. 2009 నుంచి గౌరవ కార్యదర్శిగా ఉన్న వ్యక్తి వాటిని ఒక్కొక్కటిగా బయటకు చేర్చి అమ్ముకుంటూ, వాటి స్థానంలో అదే పుస్తకపు కొత్త పునర్ముద్రణను పాత గుడ్డ అట్ట వేయించి పెడుతున్నాడు. ఏళ్ల తరబడి ఆ పుస్తకాలకు బైండింగు చేసిన వృద్ధుడు ఒకరోజు ఒక ప్రతిని చేతిలోకి తీసుకుని, ఆ కుట్టు తనది కాదని గుర్తుపడతాడు. ఆదివారం రాత్రి, సెలవు రోజున, నిల్వ గదిలో నిచ్చెన కింద అతను చనిపోయి ఉంటాడు. అందరూ ప్రమాదమనే అనుకుంటారు.

పుట పూర్తయ్యాక ఈ నాలుగు ప్రశ్నలకు ఒక్కో వాక్యంలో జవాబు రావాలి:

- అపరాధి ఆ రోజే ఎందుకు చంపవలసి వచ్చింది?
- అతను చేసిన ఒకే ఒక్క పొరపాటు ఏది?
- ఆ పొరపాటు పోలీసులకు ఎందుకు కనిపించదు?
- గ్రంథపాలకురాలికి ఎందుకు కనిపిస్తుంది?

మూడు, నాలుగు ప్రశ్నలకు జవాబు రాకపోతే రచన మొదలుపెట్టకండి.

## 3. ఆమెకు ఈ విషయంతో పనేమిటి?

ఉద్యోగం చేసుకునే మనిషి హత్య వెంటపడాలంటే కుతూహలం ఒక్కటే చాలదు. ఆమె నోరు మూసుకుని కూర్చుంటే ఏదో ఒకటి పోవాలి: నిరపరాధి అయిన సహోద్యోగి మీద నింద పడవచ్చు, గ్రంథాలయం మూతపడవచ్చు, నిల్వ గది తాళం ఆరోజు తానే వేయలేదేమో అన్న అనుమానం ఆమెను తినేస్తుండవచ్చు. మూడవది నాకు ఇష్టం, ఎందుకంటే అక్కడ ఆమె మొదటి అనుమానితురాలు ఆమే అవుతుంది.

ఇక ఆమె స్వభావం. కళ్లజోడు, సిగముడి, పెదవి మీద వేలు: ఈ మూడింటినీ వదిలేయండి. అసలు గ్రంథపాలకురాలు రోజంతా మనుషులతో మాట్లాడే మనిషి. పాఠకుడు అడిగినదానికీ, అతనికి నిజంగా కావలసినదానికీ తేడా ఉంటుందని ఆమెకు తెలుసు. ఎదురు ప్రశ్నలు వేసి ఆ అసలు అవసరాన్ని రాబట్టడం రిఫరెన్స్ సేవలో నిత్యం జరిగే పని, ఆమె విచారించే పద్ధతీ అదే. అనుమానితుడిని నిలదీసే సన్నివేశం రాయవలసి వచ్చినప్పుడు, పుస్తకం వెతకడంలో సాయపడుతున్నట్టే మాట్లాడించి చూడండి.

## 4. అనుమానితులు

నలుగురు తక్కువ కాదు, ఆరుగురు దాటితే పాఠకుడికి పేర్లు గుర్తుండవు. మన ఉదాహరణకు: కార్యదర్శి, 2003లో పదవీ విరమణ చేసిన పాత గ్రంథపాలకుడు (బైండరుతో అతనికి పాత తగాదా ఉంది), దాత మనవరాలు, పాత పుస్తకాల వ్యాపారి, నిల్వ గదిలోనే కాలం గడిపే పరిశోధక విద్యార్థి.

ప్రతి ఒక్కరికీ ఒక చీటీ కేటాయించి, దాని మీద మూడు సంగతులు రాయండి: అతను దాస్తున్నది ఏమిటి, చెప్పిన అబద్ధం ఏమిటి, ఆ అబద్ధం ఏ అధ్యాయంలో విడిపోతుంది. నిరపరాధులు కూడా అబద్ధమాడాలి. నిజం చెప్పే నలుగురి మధ్య ఒక్కడే అబద్ధమాడితే దొంగను వెలుతురులో నిలబెట్టినట్టే.

## 5. ఆధారాలు: నవల బలమంతా ఇక్కడే

### 5.1 వృత్తి నుంచి పుట్టే ఆధారం

ఆధారం అందరి కళ్లెదుటా ఉండాలి, కాని దాని అర్థం ఆమె వృత్తి తెలిసినవారికే తట్టాలి. మన కథలో ప్రధాన ఆధారం ఒక ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించడానికి దాని మీద ముద్రించే ప్రత్యేక సంఖ్య.

యాక్సెషన్ రిజిస్టరు ప్రకారం ఆ పుస్తకం 1962లో గ్రంథాలయానికి వచ్చింది. ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చినది 1970లో, 10 అంకెలతో. 2007 జనవరి 1 నుంచి అది 13 అంకెలకు మారింది. కాబట్టి 1962లో వచ్చిన పుస్తకపు టైటిల్ పేజీ వెనుక 978తో మొదలయ్యే 13 అంకెల ఐఎస్‌బీఎన్ ఉందంటే, అది ఆ పుస్తకం కాదు. అంతేకాదు, 2003లోనే వెళ్లిపోయిన పాత గ్రంథపాలకుడు ఈ మార్పిడి చేసి ఉండే అవకాశం కూడా సన్నగిల్లుతుంది. ఒకే సంఖ్య నేరాన్ని బయటపెట్టి, అందరూ వేలెత్తి చూపుతున్న మనిషిని పక్కకు తప్పిస్తుంది. ఒక ఆధారం ఇలా రెండు పనులు చేస్తే కథ బిగుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. వెనుక అట్ట మీది బార్‌కోడు కింద 978తో మొదలయ్యే 13 అంకెలు 2007కు చాలా ముందు నుంచే ఉండేవి. మార్పు జరిగే కాలంలో కొందరు ప్రచురణకర్తలు రెండు రూపాలనూ ముద్రించారు. అందుకే ఉదాహరణలో సంఖ్యను టైటిల్ పేజీ వెనుక పెట్టాను, పాత ఉద్యోగిని 2006లో కాకుండా 2003లో పంపేశాను. మీ ఆధారం ఏదైనా, దానికి ఇలాంటి మినహాయింపులు ఏమున్నాయో ముందే వెతకండి. లేకపోతే పాఠకులే వెతికి పెడతారు.

రెండవ ఆధారం కార్యదర్శి చెప్పే అలిబీని, అంటే ఆ సమయంలో తాను అక్కడ లేనన్న వాదనను, కూల్చాలి. శనివారం సాయంత్రమే పుస్తకం వాపసు పెట్టెలో వేసి ఊరు వెళ్లానని అతను అంటాడు. కంప్యూటరులోనూ శనివారం తేదీయే ఉంటుంది. అయితే కోహా వంటి గ్రంథాలయ సాఫ్ట్‌వేర్లలో, పెట్టెలో పడిన పుస్తకాలను సెలవు తరువాత నమోదు చేసేటప్పుడు, పాఠకుడికి ఆలస్య రుసుము పడకుండా గడిచిన చివరి పనిదినపు తేదీ వేసే వీలుంది. శనివారం మూసే వేళ పెట్టెను ఖాళీ చేసినది కథానాయికే. అప్పుడు అందులో ఆ పుస్తకం లేదు. సోమవారం ఉదయం ఉంది. యంత్రం చెప్పే తేదీకీ ఆమె చేతికి గుర్తున్న బరువుకూ మధ్య ఉన్న ఒక్క రోజులోనే హత్య జరిగింది.

### 5.2 ఆధారాన్ని దాచే పద్ధతి

డిటెక్టివ్ కథలకు ఇంగ్లీషు రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో కూర్చిన పది నియమాల్లో, పరిశోధకుడి కంటపడిన ఆధారం వెంటనే పాఠకుడి ముందుకూ రావాలన్నది ఒకటి. మిగతావాటిలో కొన్ని నేటికి చెల్లకపోయినా ఇది చెల్లుతుంది. పాఠకుడికి చూపించాలి, కాని అతని చూపు అక్కడ నిలవకూడదు. ఐఎస్‌బీఎన్‌ను మొదటిసారి ఇలా చూపవచ్చు:

> నీళ్లు పడి ఉబ్బిన మూడు పుస్తకాలను ఆమె బల్ల మీద ఆరబెట్టింది. మొదటిదాని అట్ట ఊడి వచ్చింది. రెండవదానిలో టైటిల్ పేజీ వెనుక ముద్రణాలయం పేరు చెరిగిపోయింది గాని, 978తో మొదలయ్యే ఐఎస్‌బీఎన్ చదవడానికి వీలుగానే ఉంది. మరమ్మతు చీటీ మీద ఆ పదమూడు అంకెలూ ఎక్కించింది. మూడవదానిలో ఎవరో బస్సు టికెట్టు మరిచిపోయారు. దాని మీది తేదీ చూడగానే ఆమె చేయి ఆగిపోయింది.

ఇందులో జరిగినది గమనించండి. అసలు ఆధారం మూడింటిలో మధ్యది. అది మామూలు పనిలో భాగంగా వచ్చింది. ఆ వెంటనే టికెట్టు పాఠకుడి చూపును లాగేసుకుంది. 1962 అన్న సంవత్సరం ఇక్కడ లేదు, రెండు అధ్యాయాల ముందు రిజిస్టరు సన్నివేశంలో వచ్చింది. పాఠకుడు రెండు ముక్కలనూ చూశాడు గాని పక్కపక్కన చూడలేదు.

కథానాయికకు కూడా ఆ క్షణంలో అది తట్టకూడదు. తట్టిన తరువాత పాఠకుడికి చెప్పకుండా దాస్తే అది మోసం. ఆమె కూడా టికెట్టు వెంటే వెళ్లాలి.

### 5.3 తప్పుదారి పట్టించే ఆధారాలు

ఆ టికెట్టు ఎటూ దారితీయకుండా వదిలేస్తే పాఠకుడికి కోపం వస్తుంది. దానికి తనదైన ముగింపు ఉండాలి. పరిశోధక విద్యార్థి ఆ రోజు వేరే ఊరిలో ఉద్యోగపు ఇంటర్వ్యూకు వెళ్లి, తన మార్గదర్శకుడికి తెలియకూడదని దాచాడని తేలితే, తప్పుదారి కూడా ఒక మనిషి కథ అవుతుంది. ఇలాంటివి రెండు చాలు.

## 6. గోప్యత: తొలగించకూడని అడ్డు

ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో బయటపెట్టకపోవడం గ్రంథపాలక వృత్తి ధర్మం. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య 2012లో వెలువరించిన నీతి నియమావళి కూడా పాఠకుల గోప్యతను కాపాడాలని చెబుతుంది. చాలామంది రచయితలు దీనిని పట్టించుకోకుండా కథానాయిక చేత రికార్డులన్నీ తిరగేయించి, విషాల పుస్తకం తీసుకున్నవాడి పేరు మూడు నిమిషాల్లో చెప్పిస్తారు. అక్కడితో రహస్యమూ పోయింది, ఆమె మీద గౌరవమూ పోయింది.

దీనిని అడ్డుగానే ఉంచి లాభపడండి. కార్యదర్శి పుస్తకం తిరిగి వచ్చిన సంగతి ఆమెకు తన పనిలో భాగంగా తెలిసింది, వెతికి తెలుసుకున్నది కాదు. అయినా దానిని పోలీసులకు చెప్పవచ్చా? చెబితే రేపు పాఠకులు ఆమెను నమ్ముతారా? ఈ తర్జనభర్జనకు ఒక పూర్తి అధ్యాయం ఇవ్వవచ్చు. చట్టం ఏమంటుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది గనుక, మీ కథ జరిగే చోటి నిబంధనను చూసుకుని రాయండి.

## 7. అధ్యాయాల వరుస

ఇంగ్లీషులో ఈ రకపు నవలలు సాధారణంగా 60,000 నుంచి 80,000 పదాల మధ్య ఉంటాయి. తెలుగులో విభక్తులు పదానికే అతుక్కుంటాయి గనుక అదే కథ తక్కువ పదాల్లో ఇముడుతుంది. పదాలు లెక్కపెట్టడం మాని 30 అధ్యాయాలుగా వేసుకోండి.

1. అధ్యాయాలు 1–3: గ్రంథాలయం, మనుషులు, బైండరు బతికి ఉండగా ఒక మంచి సన్నివేశం. అతను పోయినప్పుడు పాఠకుడికి బాధ కలగాలంటే ఇది తప్పదు.
2. అధ్యాయం 4: మరణం.
3. అధ్యాయాలు 5–14: ప్రమాదం కాదన్న అనుమానం, అనుమానితులతో మాటలు, ప్రధాన ఆధారాలు రెండూ కనబడడం.
4. అధ్యాయం 15: ఆమె నమ్మిన సిద్ధాంతం కూలిపోవడం.
5. అధ్యాయాలు 16–25: అబద్ధాలు ఒక్కొక్కటిగా విడిపోవడం, గోప్యత చిక్కు, ఆమెకు ప్రమాదం.
6. అధ్యాయాలు 26–30: తెలుసుకోవడం, నిరూపించడం, ముగింపు.

15వ అధ్యాయం దగ్గర ఎక్కువ కాలం గడపండి. నడుము లేని నవలలు నేను చూసినవాటిలో చాలావరకు అక్కడ ఏమీ కూలనివే.

## 8. నిరూపణ సన్నివేశం

అందరినీ ఒక గదిలో చేర్చి ఉపన్యాసం ఇప్పించవలసిన అవసరం లేదు. స్టాక్ వెరిఫికేషన్ నెపంతో కార్యదర్శి చేతనే రిజిస్టరు చదివిస్తూ, ఆమె పుస్తకంలోని సంఖ్య చదివితే చాలు. మూడవ పుస్తకం దగ్గర అతని గొంతు మారుతుంది. ఆమె మాట తక్కువ ఉన్నకొద్దీ సన్నివేశం పదునెక్కుతుంది.

## 9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాట్లు

కథానాయికకు అన్నీ తెలియడం. శవం బిగుసుకున్న తీరు చూసి మరణ సమయం చెప్పడం వైద్యుడి పని. దిద్దుబాటు: ఆ సమాచారం వేరొకరి నోట, అసంపూర్తిగా, ఆలస్యంగా రావాలి.

పోలీసులు మూర్ఖులు కావడం. వారిని తెలివైనవారిగానే ఉంచండి. నిచ్చెన, వృద్ధుడు, సెలవు రోజు: ప్రమాదమని నమ్మడానికి వారి దగ్గర మంచి కారణాలే ఉన్నాయి.

అపరాధిని అతిగా దాచడం. చివరి మూడు అధ్యాయాల్లో వచ్చిన మనిషి అపరాధి కాకూడదు. మొదటి ఐదు అధ్యాయాల్లోపు అతను కనిపించి, మాట్లాడి, వీలైతే ఒక మేలు చేసి ఉండాలి.

అపరాధి మీద రచయితకు తెలియకుండానే వెలుగు పడడం. ఈ తప్పు నేను చేశాను. నా మొదటి ప్రతిని చదివిన స్నేహితురాలు ఆరో అధ్యాయంలోనే హంతకుడిని పట్టేసింది. ఎలాగని అడిగితే, అన్ని పాత్రల్లోకీ అతనొక్కడి చేతులనే వర్ణించావని చెప్పింది. వెనక్కి తిరగేస్తే మూడు చోట్ల వర్ణించాను. దిద్దుబాటుగా మిగతా నలుగురికీ తలా ఒక శరీర వివరం ఇచ్చి, హంతకుడి చేతులను ఒక్క చోటికి తగ్గించాను.

పుస్తక ప్రేమ గురించి పేరాలు. పాత కాగితపు వాసన మీద ఒక వాక్యం చాలు. రెండవ వాక్యం రాయాలనిపిస్తే, ఆ వాసన ఏదైనా ఆధారం అవుతుందేమో చూడండి. కొత్త కాగితానికి పాత అట్ట వేసిన పుస్తకం పాత పుస్తకంలా వాసన వేయదు.

## 10. తిరగరాత

మొదటి ప్రతి పూర్తయ్యాక కొన్ని వారాలు పక్కన పెట్టండి. తరువాత కథ కోసం కాకుండా ఆధారాల కోసమే ఒకసారి చదవండి. ఒక కాగితం మీద ప్రతి ఆధారానికీ మూడు గడులు గీయండి: ఎక్కడ కనిపించింది, ఎక్కడ తప్పుగా అర్థమైంది, ఎక్కడ విడింది. ఖాళీగా మిగిలిన గడి ఉన్నచోట పని మిగిలి ఉన్నట్టు.

ఆ పైన ఈ పట్టిక చూసుకోండి:

- ఆదివారం రాత్రి ఎవరు ఎక్కడ ఉన్నారో గంటల వారీగా రాసి ఉందా?
- సెలవులూ పనివేళలూ అన్ని అధ్యాయాల్లో ఒకేలా ఉన్నాయా?
- గ్రంథపాలకురాలి వృత్తిని మార్చినా కథ నిలబడుతుందా? నిలబడితే ఐదవ విభాగానికి తిరిగి వెళ్లండి.
- అబద్ధమాడిన ప్రతి నిరపరాధికీ కారణం దొరికిందా?
- ఆమె ఎక్కడైనా పాఠకుడికి చెప్పకుండా ఏదైనా దాచిందా?
- చనిపోయిన మనిషిని చివరి అధ్యాయంలో ఒక్కరైనా తలుచుకున్నారా?

చివరగా ప్రతిని ఇద్దరికి ఇవ్వండి: ఒకరు ఈ రకపు నవలలు విరివిగా చదివేవారు, మరొకరు గ్రంథాలయంలో పనిచేసినవారు. బాగుందా అని అడగవద్దు. ప్రతి ఐదు అధ్యాయాలకూ ఆగి, ఆ క్షణాన ఎవరిని అనుమానిస్తున్నారో పేరు రాసి ఇమ్మనండి. ఇద్దరి చీటీల్లోనూ కార్యదర్శి పేరు పదవ అధ్యాయానికే వస్తే ఆధారాలను ఇంకా లోతుగా దాచాలి. ఇరవై ఐదవ అధ్యాయం దాకా ఒక్కసారి కూడా రాకపోతే, అతనికి ఇంకో రెండు సన్నివేశాలు రాయవలసి ఉంటుంది.